పాఠం 17 : తారకనాథ్ దాస్ – విదేశీ వ్యవహారాల రచయిత, విశ్వవిద్యాలయ అధ్యాపకుడు

17.1 మొదలుపెట్టే ముందు

మీ ఊళ్లోనో, పక్క ఊళ్లోనో కువైట్‌కు వెళ్లి పనిచేసినవాళ్లు ఉండే ఉంటారు. మీది కడప ప్రాంతమో, కోనసీమో అయితే ఈ మాట అడగనే అక్కర్లేదు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి ప్రవేశించింది. ఆ రెండు దేశాలకూ మధ్య చమురు గురించి, అప్పుల గురించి, సరిహద్దు గురించి తగాదా ఉందన్న సంగతి అంతవరకు మన ఇళ్లలో చాలామందికి తెలియదు. వారం తిరిగేసరికి, పనికి వెళ్లిన కొడుకు ఎక్కడున్నాడో, ఆయాగా వెళ్లిన తల్లి బతికుందో లేదో తెలియక జనం పోస్టాఫీసుల చుట్టూ తిరిగారు. తరువాత భారత ప్రభుత్వం జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా లక్షా డెబ్బై వేలకు పైగా మనుషులను విమానాల్లో స్వదేశానికి చేర్చింది.

సంపర్క తరగతుల్లో ఒక అభ్యాసకుడు నన్నొకసారి అడిగాడు: "పేపర్లో విదేశీ వార్తల పేజీ మనకెందుకండీ? అది పెద్దవాళ్ల వ్యవహారం కదా!" ఆ ప్రశ్నకు అప్పుడు నేను చెప్పిన జవాబు నాకే తృప్తినివ్వలేదు. ఈ పాఠం కొంతవరకు ఆ జవాబును సరిదిద్దుకునే ప్రయత్నం.

విదేశీ వార్తను మనకు అర్థమయ్యేటట్లు విప్పి చెప్పేవారు ముఖ్యంగా ఇద్దరు. ఒకరు పత్రికా రచయిత. మరొకరు అధ్యాపకుడు. పత్రికా రచయితకు గడువు ఉంటుంది. రాత్రి పత్రిక అచ్చుకు వెళ్లేలోగా రాయాలి. అధ్యాపకునికి గడువు తక్కువ, కాని ఎదురుగా కూర్చున్నవారు "ఎందుకు? ఏమిటి ఋజువు?" అని అడుగుతారు. ఈ రెండు పనులూ చేసిన ఒక మనిషి జీవితం ఈ పాఠంలో చదువుతారు. ఆయన పేరు తారకనాథ్ దాస్. కలకత్తాలో చదువుకున్నాడు. కూలి పని చేశాడు, పత్రిక నడిపాడు, జైలుకు వెళ్లాడు, నలభయ్యో ఏట డాక్టరేటు పొందాడు, ఆ తరువాత న్యూయార్కులో విశ్వవిద్యాలయ అధ్యాపకుడయ్యాడు.

(ఆయన కాలంలో ఆ నగరం పేరు కలకత్తా. 2001 నుంచి అధికారికంగా కోల్‌కతా. ఆనాటి సంగతులు చెప్పేటప్పుడు ఈ పాఠంలో పాత పేరే వాడుతున్నాం.)

17.2 వ్యాసం రాసిన కుర్రవాడు

తారకనాథ్ దాస్ 1884 జూన్ 15న బెంగాల్‌లోని 24 పరగణాల జిల్లాలో, మాజుపాడా అనే గ్రామంలో పుట్టాడు. తండ్రి కలకత్తా సెంట్రల్ టెలిగ్రాఫ్ ఆఫీసులో గుమాస్తా. దిగువ మధ్యతరగతి కుటుంబం. ఒక్క విషయం గమనించండి. ఆ రోజుల్లో లండన్ నుంచి, రంగూన్ నుంచి, సింగపూర్ నుంచి తంతి వార్తలు వచ్చిపడే ఊరు కలకత్తా. 1911 వరకు బ్రిటిష్ ఇండియాకు అదే రాజధాని. తండ్రి ఉద్యోగం కొడుకు ఆసక్తికి కారణమని చెప్పడానికి మన దగ్గర ఆధారం లేదు. కాని లోకం వార్తలు తీగల మీద వచ్చే ఊళ్లో, ఆ తీగల ఆఫీసులో పనిచేసే గుమాస్తా ఇంట్లో పెరిగాడన్నది మాత్రం వాస్తవం.

పదహారేళ్ల వయసులో ప్రధానోపాధ్యాయుని ప్రోత్సాహంతో దేశభక్తి మీద ఒక వ్యాసరచన పోటీకి రాశాడు. న్యాయనిర్ణేతల్లో ఒకరు బారిస్టర్ ప్రమథనాథ్ మిత్ర. తరువాత కొద్దికాలానికే బెంగాల్‌లో పేరు మోసిన అనుశీలన సమితి అనే విప్లవ సంఘానికి నాయకుడైనవాడు ఆయనే. ఆ వ్యాసం చదివి కుర్రవాణ్ణి సమితిలోకి రప్పించాడు. 1901లో ఎంట్రన్సు పరీక్ష ప్యాసై, దాస్ కలకత్తాలోని జనరల్ అసెంబ్లీస్ ఇన్‌స్టిట్యూషన్‌లో చేరాడు. ఇదే తరువాత స్కాటిష్ చర్చి కళాశాల అయింది.

1905లో లార్డ్ కర్జన్ బెంగాల్‌ను రెండుగా విభజించాడు. విదేశీ వస్తువుల బహిష్కారం, స్వదేశీ ఉద్యమం మొదలయ్యాయి. ఆ గాలి మన దాకా కూడా వీచింది. 1907లో బిపిన్ చంద్రపాల్ విశాఖపట్నం, కాకినాడ, రాజమహేంద్రవరం, మచిలీపట్నం తిరిగి ఉపన్యాసాలిచ్చిన సంగతి మీరు సాంఘికశాస్త్ర పాఠంలో చదివే ఉంటారు. అప్పటికి పోలీసుల నిఘాకు దొరక్కుండా తారకనాథ్ దాస్ దేశం దాటిపోయాడు. జపాన్ వెళ్లి, అక్కడి నుంచి 1907 జూలైలో అమెరికా పశ్చిమ తీరంలోని సియాటిల్ రేవులో దిగాడు. అప్పుడతని వయసు 23. చేతిలో డిగ్రీ లేదు.

పాఠగత ప్రశ్న 1: కలకత్తా ఆనాడు విదేశీ వార్తలకు కేంద్రం కావడానికి రెండు కారణాలు మీ మాటల్లో రాయండి.

17.3 పగలు పత్రిక, సాయంత్రం తరగతి

సియాటిల్‌లో దిగిన మనిషి మొదట పొలంలో కూలి పని చేశాడు. ఆ తీరంలో అప్పటికే వేలమంది పంజాబీలు కలప మిల్లుల్లో, రైలుదారుల మీద, పండ్ల తోటల్లో పనిచేస్తున్నారు. తెల్లకూలీలకు వీళ్ల మీద కసి. వీళ్లు తక్కువ కూలికి వస్తారు, తమ పనులు పోతాయి అని. 1907 సెప్టెంబరులో బెల్లింగ్‌హామ్ అనే ఊళ్లో భారతీయ కార్మికుల బసల మీద దాడిచేసి ఊళ్లోంచి తరిమేశారు. అదే నెలలో కెనడాలోని వాంకూవర్‌లో ఆసియావాసుల మీద అల్లర్లు జరిగాయి.

దాస్ ఇంగ్లీషు, హిందుస్తానీ తెలిసినవాడు కావడంతో 1908 జనవరిలో వాంకూవర్‌లో అమెరికా వలస శాఖ కార్యాలయంలో దుభాషిగా ఉద్యోగం దొరికింది. దుభాషి అంటే ఒక భాషలో మాట్లాడింది మరో భాషలోకి అప్పటికప్పుడు చెప్పేవాడు. ఉద్యోగం చిన్నదే. కాని విదేశీ వ్యవహారాలు రాయబోయే మనిషికి అంతకన్న మంచి బడి ఏముంటుంది? ఒక వలస చట్టం కాగితం మీద ఎలా ఉంటుందో, ఓడ దిగిన రైతు మీద అది ఎలా పనిచేస్తుందో రెండూ రోజూ కళ్లెదుటే.

అదే జనవరిలో కెనడా ప్రభుత్వం ఒక నిబంధన తెచ్చింది. పుట్టిన దేశం నుంచి ఎక్కడా ఓడ మారకుండా, ఒకే టిక్కెట్టు మీద నేరుగా వచ్చినవాళ్లకే ప్రవేశం. చూడ్డానికి అందరికీ ఒకటే నిబంధన. "భారతీయులు రాకూడదు" అని అందులో ఎక్కడా లేదు. కాని భారతదేశం నుంచి కెనడాకు నేరుగా వచ్చే ఓడ ప్రయాణమే ఆచరణలో లేదు. అసలు కిటుకు అక్కడుంది. ఇలాంటి నిబంధనను చదివి, లేని మాట ఎక్కడ దాగి ఉందో పాఠకునికి చూపించడమే విదేశీ వ్యవహారాల రచయిత మొదటి పని.

ఈ నిబంధన ఎంత దూరం వచ్చిందో చూడండి. 1914లో 376 మంది ప్రయాణికులతో 'కొమగాట మారు' అనే ఓడ వాంకూవర్ చేరింది. వాళ్లలో చాలా కొద్దిమందిని తప్ప ఎవరినీ దిగనివ్వలేదు. రెండు నెలలు రేవులోనే నిలిచి ఓడ వెనక్కి తిరిగింది. ఆ సెప్టెంబరు 29న కలకత్తాకు దగ్గరలో, హుగ్లీ నది ఒడ్డున ఉన్న బజ్‌బజ్ దగ్గర ప్రయాణికులను దింపి బలవంతంగా రైలెక్కించబోతే గొడవ జరిగి, పోలీసులు, సైనికులు కాల్పులు జరిపారు. సుమారు ఇరవై మంది ప్రయాణికులు చనిపోయారు. కెనడాలో రాసిన ఒక వాక్యం బెంగాల్ నది ఒడ్డున మనుషుల ప్రాణాలు తీసింది. విదేశీ వార్తల పేజీ మనకెందుకు అన్న అభ్యాసకునికి నేనప్పుడు చెప్పవలసిన జవాబు ఇది.

మళ్లీ 1908కి వద్దాం. ఆ ఏడాది వసంతంలో దాస్ వాంకూవర్ నుంచి 'ఫ్రీ హిందుస్తాన్' అనే ఇంగ్లీషు పత్రిక మొదలుపెట్టాడు. (అదే ఏడాది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బొంబాయిలో 'ఆంధ్రపత్రిక'ను వారపత్రికగా ప్రారంభించారు. సొంత గడ్డకు దూరంగా ఉన్నవాళ్లు పత్రికలు పెట్టడం ఆ కాలపు ఒక లక్షణం.) వలస చట్టాల అన్యాయం, భారతదేశంలో కరువులు, బ్రిటిష్ పాలన ఇందులో విషయాలు. దాస్ మీద నిఘా వేసిన అధికారి పేరు హాప్కిన్సన్. వాంకూవర్‌కు రాకముందు కలకత్తా పోలీసు శాఖలో పనిచేసినవాడే! దుభాషి ఉద్యోగం ఎక్కువ రోజులు నిలవలేదు. పత్రిక మాత్రం సియాటిల్‌కు, తరువాత న్యూయార్కుకు మారుతూ 1910 వరకు నడిచింది.

ఇక్కడ మీకు ఇష్టమయ్యే సంగతి ఒకటి ఉంది. పత్రిక నడుపుతూనే దాస్ వాంకూవర్ దగ్గరి మిల్‌సైడ్‌లో వలస కార్మికుల కోసం బడి పెట్టాడు. పగలంతా మిల్లులో రంపం దగ్గర పనిచేసి వచ్చినవాళ్లకు సాయంత్రాలు ఇంగ్లీషు, లెక్కలు నేర్పేవారు. ఇంటికి ఉత్తరం రాసుకోవడానికి, యజమానికి అర్జీ పెట్టుకోవడానికి, కూలి లెక్క సరిచూసుకోవడానికి అవసరమైన చదువు. విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పడానికి చాలా ఏళ్ల ముందే ఈయన అధ్యాపకుడు. మొదటి శిష్యులు అలసిపోయిన పెద్దవాళ్లు.

పాఠగత ప్రశ్న 2: ఓడ మారకుండా రావాలన్న నిబంధనలో భారతీయుల పేరు లేకపోయినా అది వారిని ఎలా అడ్డుకుంది?

17.4 టాల్‌స్టాయ్ జవాబు

1908లోనే దాస్ రష్యా రచయిత టాల్‌స్టాయ్‌కి ఉత్తరం రాశాడు. భారత స్వాతంత్ర్యానికి మద్దతుగా ఒక వ్యాసం రాసిమ్మని కోరి, తన పత్రిక సంచికలు కూడా పంపాడు. టాల్‌స్టాయ్‌కి అప్పటికి ఎనభై ఏళ్లు. నెలల తరబడి దిద్దుకుంటూ ఒక దీర్ఘమైన జవాబు రాశాడు. దాని మీద తేదీ 1908 డిసెంబరు 14. హింసతో ప్రయోజనం లేదు, ప్రేమతో కూడిన సహాయ నిరాకరణే దారి అన్నది దాని సారం.

ఉత్తరం అడిగింది దాస్. కాని అది ఎక్కువగా పనిచేసింది మరొకరి మీద. దక్షిణాఫ్రికాలో ఉన్న గాంధీజీకి దాని ప్రతి దొరికింది. టాల్‌స్టాయ్ అనుమతి తీసుకుని, 1909 నవంబరులో లండన్ నుంచి తిరిగివచ్చే ఓడలో దాన్ని గుజరాతీలోకి అనువదించి, తన 'ఇండియన్ ఒపీనియన్' పత్రికలో ముందుమాటతో ప్రచురించాడు. దాస్ మాత్రం టాల్‌స్టాయ్‌తో ఏకీభవించలేదు. ఆ మహారచయితకు బహిరంగంగా ఎదురు జవాబు రాశాడు. ఎవరిది సరైన దారి అని ఇక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. ఒక సంపాదకుడు లోకంలో అంత పెద్దమనిషిని అభిప్రాయం అడిగి, అది తనకు నచ్చకపోయినా దాచిపెట్టకుండా వాదానికి దిగాడు. అది మంచి పత్రికా ధర్మం.

17.5 జైలు నుంచి డాక్టరేటు దాకా

ఆయన చదువు తిన్నగా సాగలేదు. వెర్మాంట్ రాష్ట్రంలోని నార్విచ్ విశ్వవిద్యాలయంలో సైనిక శిక్షణ కోసం చేరితే, రాజకీయాల కారణంగా అక్కడి నుంచి వెళ్లిపోవలసి వచ్చింది. తరువాత సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చదివి, 1911లో రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. పొందాడు. 1914లో అమెరికా పౌరసత్వం లభించింది. పౌరసత్వం అంటే ఒక దేశంలో సభ్యత్వం. ఓటు, పాస్‌పోర్టు, ఆ దేశపు రక్షణ దానితో వస్తాయి. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

1913లో అదే పశ్చిమ తీరంలో గదర్ పార్టీ పుట్టింది. 'గదర్' అంటే తిరుగుబాటు. అందులో చేరినవారిలో మన తెలుగువాడు, కనిగిరికి చెందిన దరిశి చెంచయ్య కూడా ఉన్నాడు. కాలిఫోర్నియాకు చదువుకోవడానికి వెళ్లి విప్లవంలో పడ్డ ఆయన తన కథను 'నేనూ నా దేశం' అన్న పుస్తకంగా రాశాడు. గ్రంథాలయంలో దొరికితే తప్పక చదవండి.

మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక బ్రిటన్‌కు శత్రువైన జర్మనీ సహాయంతో భారతదేశంలో తిరుగుబాటు లేవదీయాలని ఈ విప్లవకారులు ప్రయత్నించారు. దాస్ బెర్లిన్ వెళ్లాడు, తరువాత జపాన్, చైనా తిరిగాడు. 1917లో అమెరికా కూడా యుద్ధంలో చేరడంతో వీళ్లందరి మీద శాన్‌ఫ్రాన్సిస్కోలో కేసు నడిచింది. ఆ ఏడాది నవంబరు నుంచి 1918 ఏప్రిల్ దాకా సాగిన విచారణ చివర దాస్‌కు 22 నెలల శిక్ష పడింది. కాన్సాస్ రాష్ట్రంలోని లీవెన్‌వర్త్ జైలుకు పంపారు.

బయటికి వచ్చాక ఆయన మళ్లీ విద్యార్థి అయ్యాడు. 1923లో 'ఇండియా ఇన్ వరల్డ్ పాలిటిక్స్' అనే పుస్తకం ప్రచురించాడు. 1924లో రాజధాని వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు తీసుకున్నాడు. అప్పటికి ఆయనకు నలభై ఏళ్లు. చదువుకు వయసు దాటిపోయిందని మీలో ఎవరికైనా ఇంట్లోవాళ్లు చెబుతుంటే ఈ రెండు సంవత్సరాలు, 1884, 1924, వాళ్లకు చెప్పి తీసివేత వాళ్లనే చేయమనండి.

అప్పటినుంచి ఆయన రాతలో తేడా వచ్చింది. 1908 నాటి పత్రిక పాఠకుణ్ణి లేపి నిలబెట్టడానికి రాసినది. 1920 తరువాతి వ్యాసాలు పాఠకుణ్ణి కూర్చోబెట్టి చెప్పినవి. ఏ ఒప్పందంలో ఏముంది, ఏ దేశానికి ఎక్కడ చమురు కావాలి, ఏ రేవు ఎవరి చేతిలో ఉంది అని విడదీసి చూపించేవి. ఈ వ్యాసాల్లో చాలా భాగం కలకత్తాలోనే అచ్చయ్యాయి. రామానంద ఛటర్జీ 1907లో స్థాపించిన 'మోడరన్ రివ్యూ' మాసపత్రిక వాటికి ముఖ్యమైన వేదిక. రామానంద దారి దీనికి సరిగ్గా ఎదురు. ఆయన అలహాబాదులో కళాశాల ప్రిన్సిపాల్‌గా పనిచేసి, ఆ ఉద్యోగం వదిలి పూర్తికాలపు సంపాదకుడయ్యాడు. తరగతి గది వదిలి పత్రికకు వచ్చిన మనిషి, పత్రిక నుంచి తరగతి గదికి వెళ్తున్న మనిషి వ్యాసాలు అచ్చువేశాడన్నమాట.

17.6 ఏ దేశమూ లేని మనిషి

ఈ పాఠానికి గుండెకాయ ఈ భాగం. నిదానంగా చదవండి.

అమెరికాలో 1790 నాటి చట్టం ప్రకారం బయటినుంచి వచ్చినవారిలో 'తెల్లవారి'కే పౌరసత్వం ఇవ్వాలి. 1870లో ఆఫ్రికా సంతతివారినీ చేర్చారు. మరి భారతీయులు? కొన్ని కోర్టులు ఇచ్చాయి, కొన్ని ఇవ్వలేదు. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆయన మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడే. అయినా సామాన్యుని దృష్టిలో భారతీయుడు తెల్లవాడు కాడని, కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాడని కోర్టు తీర్పు చెప్పింది.

అంతటితో ఆగలేదు. అంతకుముందు పౌరసత్వం పొందిన భారతీయులు కూడా దాన్ని పొరపాటున పొందారంటూ ప్రభుత్వం రద్దు కేసులు మొదలుపెట్టింది. ఆ జాబితాలో దాస్ ఉన్నాడు. బ్రిటిష్ ప్రభుత్వం దృష్టిలో ఆయన రాజద్రోహి, స్వదేశానికి వెళ్తే అరెస్టు. అమెరికా ప్రభుత్వం దృష్టిలో ఇక పౌరుడు కాడు. దేశాల మధ్య సంబంధాలే తన విషయంగా పెట్టుకున్న పండితునికి, తనదని చెప్పుకోవడానికి ఒక దేశం లేదు.

1924లో ఆయన మేరీ కీటింగ్ మోర్స్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె పుట్టుకతో అమెరికన్. స్త్రీల ఓటుహక్కు కోసం, నల్లజాతివారి హక్కుల కోసం పనిచేసినది. 1922 నాటి చట్టం ప్రకారం, పౌరసత్వానికి అర్హుడు కాని విదేశీయుణ్ణి పెళ్లాడిన అమెరికా స్త్రీ తన పౌరసత్వాన్ని కూడా పోగొట్టుకుంటుంది. అంటే భర్త మీద వేలాడిన కత్తే ఆమె మీద కూడా. తాతముత్తాతల నుంచి ఆ గడ్డ మీదే ఉన్న కుటుంబాల ఆడపిల్ల కూడా ఒక సంతకంతో పరాయిదైపోయే కాలం అది.

ఇలాంటప్పుడు మనమైతే ఏం రాస్తాం? మన కష్టం చెప్పుకుంటాం, మనల్ని అన్యాయం చేసినవాళ్లను తిడతాం. దాస్ కలకత్తా విశ్వవిద్యాలయం నడిపే 'కలకత్తా రివ్యూ'లో, 1925 జూలైలో, అమెరికాలో దేశం లేనివారైన మనుషుల గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. దాని శీర్షికలో తన పేరు లేదు, 'నేను' లేదు. ఒక తరగతి మనుషుల చట్టపరమైన స్థితిని అధ్యయన విషయంగా ముందుపెట్టిన శీర్షిక. వ్యాసకర్త తానే ఆ తరగతిలో ఉన్నాడని తెలిసి చదివితే ఆ నిగ్రహం మరింత తెలుస్తుంది. పత్రికా రచయిత అధ్యాపకునిగా మారిన క్షణం ఏదని నన్నడిగితే, ఆయన ఉద్యోగంలో చేరిన తేదీ కాదు, ఈ వ్యాసమే చూపిస్తాను.

కేసు ఎలా ముగిసింది? లాస్ ఏంజలెస్‌లో సఖారామ్ గణేశ్ పండిట్ అనే భారతీయ న్యాయవాది తన పౌరసత్వం కోసం తానే పోరాడాడు. అప్పీలు కోర్టులో గెలిచాడు. 1927లో సుప్రీంకోర్టు ఆ తీర్పును మార్చడానికి పూనుకోలేదు. దానితో మిగిలినవారి మీద కేసులను ప్రభుత్వం వదిలేసింది. దాస్ పౌరసత్వం నిలిచింది. అందరికీ అలా జరగలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడుపుకునే వైష్ణో దాస్ బగాయ్ పౌరసత్వం అప్పటికే పోయింది. ఆయన 1928లో ప్రాణం తీసుకున్నాడు. భారతీయులకు పౌరసత్వ హక్కు ఇచ్చే చట్టం అమెరికాలో 1946లో గాని రాలేదు.

పాఠగత ప్రశ్న 3: దాస్ దంపతులిద్దరి పౌరసత్వమూ ప్రమాదంలో పడడానికి వేర్వేరు చట్టపరమైన కారణాలు ఏమిటి?

17.7 తరగతి గదిలో

తరువాతి సంవత్సరాల్లో దాస్ న్యూయార్క్ విశ్వవిద్యాలయంలోను, కొలంబియా విశ్వవిద్యాలయంలోను బోధించాడు. రాజనీతి, అంతర్జాతీయ సంబంధాలు, తూర్పు ఆసియా వ్యవహారాలు ఆయన క్షేత్రం. రాయడం మానలేదు. 1936లో తూర్పు ఆసియా దేశాల విదేశాంగ విధానం మీద పుస్తకం వచ్చింది. 1935లో భార్యతో కలిసి, అమెరికాకూ ఆసియా దేశాలకూ మధ్య విద్యా సాంస్కృతిక సంబంధాల కోసం తన పేరున ఒక సంస్థ నెలకొల్పాడు.

ఆయన చెప్పిందంతా సరైందని అనుకోవద్దు. 1917లో షాంఘైలో అచ్చయిన పుస్తకంలో, జపాన్ వల్ల ఆసియాకు ప్రమాదమా అన్న ప్రశ్న వేసుకుని, ప్రమాదం లేదనే వాదించాడు. 1905లో జపాన్ రష్యాను ఓడించినప్పుడు ఆసియా యువకులందరికీ కలిగిన ఉత్సాహం అందులో ఉంది. తన శత్రువైన బ్రిటన్‌కు ఎదురు నిలవగల ఆసియా దేశం కావాలన్న కోరికా ఉంది. కాని అప్పటికే 1910లో జపాన్ కొరియాను కలిపేసుకుంది. 1931లో మంచూరియాను ఆక్రమించింది. 1937లో చైనా మీద పూర్తి యుద్ధానికి దిగింది. కోరిక కంటికి అడ్డం వస్తే ఎంత చదివినవాడికైనా ఎదుట ఉన్న కొరియా కనిపించదు. నా అభిప్రాయంలో ఆయన జీవితం మొత్తంలో విద్యార్థికి అన్నిటికన్న ఉపయోగపడే పేజీలు ఈ తప్పు చేసిన పేజీలే. మీరు విదేశీ వ్యాసం చదివేటప్పుడు, రాసినవారికి ఏది జరగాలని ఉంది, ఏది జరుగుతోందని ఋజువు చూపారు అని రెండు గళ్లుగా విడదీసి రాసుకోండి. చాలాసార్లు మొదటి గడి నిండిపోతుంది, రెండోది ఖాళీగా ఉంటుంది.

మన విశ్వవిద్యాలయాల్లో ఈ రెండు చదువులూ ఆలస్యంగానే వచ్చాయి. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1954లో జర్నలిజం శాఖను తెరిచింది. కలకత్తాలోని జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలో అంతర్జాతీయ సంబంధాల శాఖ 1956లో మొదలైంది. దాస్ నాటివాళ్లు ఇవి లేనప్పుడే మిల్లుల్లో, ఓడరేవుల్లో, కోర్టు బోనుల్లో ఆ చదువు చదువుకున్నారు.

17.8 నలభై ఆరేళ్ల తరువాత

1952లో ఆయన వాటుమల్ ఫౌండేషన్ తరఫున సందర్శక ఆచార్యునిగా భారతదేశానికి వచ్చాడు. దేశం విడిచి అప్పటికి సుమారు నలభై ఆరేళ్లు. ఇరవై రెండేళ్ల కుర్రవాడుగా పోలీసుల కన్నుగప్పి వెళ్లినవాడు, తెల్ల జుట్టుతో, ఆచార్యుడన్న గౌరవంతో కలకత్తాలో దిగాడు. 1905లో బెంగాల్‌ను ఒకసారి చీల్చినందుకు ఆయన తరం కదిలింది. ఆ చీలికను 1911లో రద్దు చేయించింది కూడా. ఇప్పుడు వచ్చి చూస్తే బెంగాల్ మళ్లీ రెండు ముక్కలు, ఈసారి రెండు దేశాలుగా. సరిహద్దు దాటి వచ్చిన శరణార్థులతో నగరం కిక్కిరిసి ఉంది. దేశ విభజనను ఆయన చివరిదాకా ఒప్పుకోలేదు.

ఆ సెప్టెంబరు 9న, 1915లో బ్రిటిష్ పోలీసులతో పోరాడి చనిపోయిన విప్లవకారుడు బాఘా జతీన్ స్మారక సభకు ఆయన అధ్యక్షత వహించాడు. కుర్రతనంలో తనతో తిరిగినవారి పేరు మీద సభ. కలకత్తాలో వివేకానంద సొసైటీ స్థాపనలో కూడా పాలుపంచుకున్నాడు. తరువాత అమెరికాకు తిరిగి వెళ్లిపోయాడు. 1958 డిసెంబరు 22న న్యూయార్కులో మరణించాడు.

17.9 పాఠ్యాంత ప్రశ్నలు

1. 'ఫ్రీ హిందుస్తాన్' నాటి రచనకూ, 1925 నాటి వ్యాసానికీ మధ్య ఈ పాఠం చూపిన తేడాను పది వాక్యాల్లో రాయండి. మీకు ఏ పద్ధతి ఎక్కువ నచ్చింది? ఎందుకు?

2. జపాన్ విషయంలో దాస్ చేసిన పొరపాటుకు కారణాలు ఏమిటి? ఇలాంటి పొరపాటు మీరు చదివే పత్రికలో ఎప్పుడైనా గమనించారా?

3. ఈ వారం వచ్చిన ఒక విదేశీ వార్తను కత్తిరించి నోటు పుస్తకంలో అంటించండి. దాని పక్కన రెండు గళ్లు గీయండి. ఒక గడిలో రాసినవారి కోరిక, మరో గడిలో వారు చూపిన ఋజువు రాయండి. ఆ వార్త వల్ల మీ ఊళ్లో ఎవరికైనా, దేనికైనా, ధరకైనా, ఉద్యోగానికైనా సంబంధం ఉంటే కింద రాయండి. సంపర్క తరగతికి వచ్చేటప్పుడు ఆ పుస్తకం తెచ్చుకోండి.

17.10 పాఠగత ప్రశ్నలకు జవాబులు

1. 1911 వరకు కలకత్తా బ్రిటిష్ ఇండియా రాజధాని. విదేశాల నుంచి తంతి వార్తలు అక్కడికి చేరేవి.

2. భారతదేశం నుంచి కెనడాకు నేరుగా వచ్చే ఓడ ప్రయాణం ఆచరణలో లేదు. దారిలో ఓడ మారినవారికి నిబంధన ప్రకారం ప్రవేశం లేదు.

3. భర్త విషయంలో, 'తెల్లవారి'కే పౌరసత్వమన్న చట్టానికి 1923లో సుప్రీంకోర్టు ఇచ్చిన అర్థం. భార్య విషయంలో, పౌరసత్వానికి అర్హుడు కాని విదేశీయుణ్ణి పెళ్లాడిన స్త్రీకి వర్తించే 1922 చట్టం.